పుస్తకమున కెన్ని ప్రతులు?

క్రొత్త పుస్తకము చేతికి వచ్చినప్పుడు మనము మొదట అట్టమీది బొమ్మను చూచెదము. పిమ్మట పుస్తకము పేరును, గ్రంథకర్త్రి పేరును చదివెదము. అటుపై పుటలు త్రిప్పి కథలోనికి పోయెదము. ముఖపత్రమునకు వెనుకవైపున సన్నని యక్షరములతో అచ్చొత్తిన పుట యొకటి యుండును. దానిని చదువువారు మిక్కిలి యరుదు. ప్రథమ ముద్రణము, సంవత్సరము, ప్రతులు, వెల, ముద్రణాలయము పేరు, ప్రతులకు వ్రాయవలసిన చిరునామా - ఇట్టి పొడిమాటలు తప్ప అందేమియు లేదని మన తలంపు.

బియ్యపు బస్తా యింటికి వచ్చినచో తూకము చూడక లోపల పెట్టని గృహిణులు, పుస్తకము విషయమున మాత్రము ఆ పుటను విడిచిపెట్టుట మాకు వింతగా తోచుచున్నది. అందలి "ప్రతులు 1000" అను చిన్నపంక్తి యా పుస్తకమునకు జాతకము వంటిది. ఆ సంఖ్యను నిర్ణయించినవా రెవరు? అది తప్పినచో నష్టము మోయువా రెవరు? ఈ రెండు ప్రశ్నలకును ఒక్కటే సమాధాన మైనప్పుడు సంఖ్య జాగ్రత్తతో నిర్ణయింపబడును. నిర్ణయించువా రొకరు, మోయువారు మఱియొకరు అయినప్పుడు చిక్కు లారంభమగును.

ఈ విషయ మిప్పుడు గృహములకు సంబంధించినది కూడ. కథలు, పద్యములు, పాటలు, వంటకముల వివరములు వ్రాసి దాచుకొన్న సోదరీమణు లెందఱో స్వంత ఖర్చుతో వానిని అచ్చు వేయించుకొనుచున్నారు. గాజులకని, తీర్థయాత్రకని కూడబెట్టిన సొమ్ము పుస్తకరూపమున మంచముక్రింద కట్టలుగా పడియుండుట పెక్కు యిండ్లలో కానవచ్చును. కావున ప్రతుల సంఖ్య యెట్లు నిర్ణయింపబడునో, ఎట్లు చెప్పబడునో, ఎట్లు మఱుగుపడునో మేమిచ్చట వివరింపదలచితిమి.

వేయి యను సంఖ్య యెట్లు వచ్చినది?

అచ్చుకూటములో లెక్క పుటలతో గాక ఫారములతో జరుగును. డెమ్మీ కాగితము నొకదానిని రెండువైపుల అచ్చొత్తి మూడు మాఱులు మడచినచో 8 ఆకులు, అనగా 16 పుటలు ఏర్పడును. ఇది యొక ఫారము. 160 పుటల పుస్తకమునకు 10 ఫారములు కావలెను. వేయి ప్రతులకు 10,000 కాగితములు పట్టును. రీమునకు 500 కాగితములు గనుక మొత్తము 20 రీములు. తఱుగునకు మఱికొంత చేర్చుకొందురు. ఫారమునకు సరిగా రెండు రీములు చొప్పున తేలును గనుక 1000 అను సంఖ్య ముద్రాపకునకును, కాగితపు వర్తకునకును అనుకూలముగా నుండును. తెలుగుపుస్తకములలో 500, 1000 అను సంఖ్యలు తఱచుగా కనబడుటకు ఇదియొక కారణము.

ఇంగ్లండు దేశమున చేతిమరలతో అచ్చొత్తుచుండిన కాలమున 250 కాగితములు ఒక కొలతగా నుండెను. ఇద్దఱు పనివారు ఒక గంటలో అచ్చొత్తవలసిన పని యది. అందువలననే ఆ కాలపు ఆంగ్ల గ్రంథముల ప్రతులు 500, 750, 1000, 1250 అని 250 చొప్పున పెరుగుచుండును.

అయినను కాగితపు లెక్క మాత్రమే సంఖ్యను నిర్ణయింపదు. పుస్తకమునకు అగు ఖర్చు రెండు విధములు. మొదటిది ఒక్క ప్రతి వేసినను, పదివేలు వేసినను మాఱనిది: కంపోజింగు, ప్రూఫులు దిద్దుట, బొమ్మలు, ప్లేట్లు, యంత్రమును సిద్ధపఱచుట. రెండవది ప్రతి ప్రతికిని వేఱువేఱుగా పడునది: కాగితము, సిరా, బైండింగు. లెక్క తెలియుటకై ఒక పుస్తకమును ఊహించుకొందము. మాఱని ఖర్చు 40,000 రూపాయలనియు, ప్రతి యొక్కింటికి పడు ఖర్చు 60 రూపాయలనియు అనుకొందము. 500 ప్రతులు వేసినచో ఒక్కొక్కటి 140 రూపాయలకు పడును. 1000 వేసిన 100 రూపాయలు. 2000 వేసిన 80. 4000 వేసిన 70.

ఈ వరుసను చూచిన వెంటనే హెచ్చుగా వేయించుటయే లాభమని తోచును. ముద్రాపకులు "ఎటులను యంత్రము తిరుగుచున్నది గదా, ఇంకొక అయిదువందలు వేయింపుడు" అని చెప్పుటకు మూల మిదియే. కాని 2000 ప్రతులు వేసి, 1000 మాత్రమే అమ్ముడైనచో నేమగును? మొత్తము ఖర్చు 1,60,000 రూపాయలు. అమ్ముడైన ప్రతి యొక్కింటిపై 160 రూపాయలు పడినట్లు. 500 ప్రతులు మాత్రమే వేసినప్పటి ధరకంటె నిది హెచ్చు! పెండ్లి విందునకు విస్తళ్లు లెక్కపెట్టు యిల్లాలికి ఈ సంగతి క్రొత్తగాదు. వండిన కూర మిగిలినచో, అది చౌకగా వండినదను సంతోషము మిగులదు. తక్కువ వండినను చిక్కే. వచ్చినవారు ఆకలితో లేచిపోవుదురు. పుస్తకము అడిగినవారికి దొరకనప్పుడు వారు మఱల అడుగుట అరుదు.

అంచనాకు ఆధారములు

ఎంతమంది కొందురో ముందుగా నెవ్వరును నిశ్చయముగా చెప్పజాలరు. అనుభవముగల ప్రకాశకులు కొన్ని గుర్తులను చూచి యూహింతురు. ఆ గ్రంథకర్త్రి వెనుకటి పుస్తకము ఎంతకాలములో చెల్లినది? పుస్తకవిక్రేతలు ముందుగా ఎన్ని ప్రతులు కోరిరి? గ్రంథాలయములు కొనునా? అది వారపత్రికలో వెలువడి పాఠకులను సంపాదించుకొన్న నవలయా, లేక క్రొత్తగా వచ్చుచున్నదా? పాఠశాలల కాలమునకు అందునా? పండుగలకు వచ్చునా?

ఈ యూహను తగ్గించుకొనుటకు మంచి యుపాయమొకటి మనవారికి చిరకాలముగా తెలియును. అదియే చందా పద్ధతి. పుస్తకము అచ్చుకాకముందే కొనువారి పేర్లు వ్రాసికొని, ఆ సంఖ్యనుబట్టి అచ్చు వేయుదురు. అబలాసచ్చరిత్రరత్నమాలను రచించిన భండారు అచ్చమాంబగారి సోదరులు కొమఱ్ఱాజు లక్ష్మణరావుపంతులుగారు మొదలగు వారు 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి, చందాదారుల యండతోనే శాస్త్రములను, చరిత్రములను తెలుగున వెలువరించినది. కథలు కాని పుస్తకములను కొనువారు తక్కువగానున్న కాలమున, ముందుగా మాటయిచ్చిన చందాదారులే ఆ గ్రంథమాలకు పునాది యైరి. చందాదారు పుస్తకమును కొనుటయే గాక, ప్రకాశకుని యూహలోని భయమును కూడ కొంత పంచుకొనుచున్నది.

ఒక గ్రంథకర్త్రి లెక్కలు

సంఖ్య తప్పినచో నెవరు మోయవలసివచ్చునో తెలియుటకు ఆంగ్ల నవలాకర్త్రి జేన్ ఆస్టెను కథకంటె మంచి యుదాహరణము లేదు. ఈమె 1775లో జన్మించి, 1817 జూలై 18వ తేదీన మరణించినది. వివాహము చేసికొనలేదు. తల్లితోను, అక్కగారితోను కూడి స్వల్పమగు ఆదాయముపై జీవించుచు నవలలు వ్రాసినది.

1803లో నొక నవలను లండను ప్రకాశకునికి 10 పౌనులకు అమ్మినది. అతడు దానిని అచ్చే వేయలేదు. పదుమూడేండ్లపిమ్మట, 1816లో, ఆ 10 పౌనులు తిరిగి యిచ్చి వ్రాతప్రతిని వెనుకకు తెచ్చుకొనవలసివచ్చినది. ప్రకాశకుడు నిర్ణయించిన ప్రతుల సంఖ్య సున్నయైన సందర్భ మిది.

1811లో సెన్స్ అండ్ సెన్సిబిలిటీ అను నవల వెలువడినది. ముఖపత్రముపై ఆమె పేరు లేదు. ఒక స్త్రీచే రచింపబడినదని మాత్రముండెను. థామస్ ఎగర్టన్ అను ప్రకాశకుడు దానిని గ్రంథకర్త్రి బాధ్యతపై వెలువరించెను. అనగా కాగితము, ముద్రణము, ప్రకటనల ఖర్చులన్నియు ఆమెవే. అమ్మకముపై ప్రకాశకునికి రుసుము. మిగిలినచో ఆమెకు, తగ్గినచో ఆమెపైకి. నష్టము తప్పదని తలచి ఆమె తన కొలది యాదాయమునుండి ముందుగానే కొంత తీసి యుంచుకొన్నదని ఆమె సోదరుడు తరువాత వ్రాసియున్నాడు. ఆ ముద్రణమున 750 లేక 1000 ప్రతులుండునని పరిశోధకుల యంచనా. 1813 జూలై నాటికి అన్నియు చెల్లిపోయి, ఆమెకు 140 పౌనులు లాభము వచ్చినది.

ఈ ఫలితము తెలియకముందే ఆమె తన రెండవ నవలయగు ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ హక్కులను ఎగర్టనునకు 110 పౌనులకు అమ్మివేసినది. ఆమె కోరినది 150. ఇందు ఆమెకు అపాయము లేదు. ఎన్ని ప్రతులు మిగిలినను ఆమె చింతింపనక్కఱలేదు. కాని 1813 జనవరిలో వెలువడిన ఆ నవల ఆ యేటనే రెండవమాఱును, 1817లో మూడవమాఱును అచ్చైనది. ఆ లాభమునుండి ఆమెకు ఒక పెన్నీయు రాలేదు. అపాయమును అమ్ముకొన్నవారు అదృష్టమునుగూడ అమ్ముకొన్నట్లే.

1815లో ఎమ్మా అను నవల సిద్ధమైనది. జాన్ మర్రే యను ప్రసిద్ధ ప్రకాశకుడు దానికిని, మఱి రెండు నవలలకును కలిపి హక్కులకై 450 పౌనులిచ్చెద ననెను. అది చాలదని తలచి ఆమె మరల స్వంత బాధ్యతకే పూనుకొన్నది. ఎమ్మా 2000 ప్రతులు వేయబడినవి. మూడు సంపుటముల వెల 21 షిల్లింగులు. దానివెంటనే 1816 ఫిబ్రవరిలో, వెనుకటి నవలయగు మాన్స్‌ఫీల్డ్ పార్కును రెండవమాఱు 750 ప్రతులు వేయించినది. మొదటి ముద్రణ మాఱు మాసములలో చెల్లినది గనుక రెండవదియు చెల్లునని తలచుట సహజము.

ఎమ్మా ప్రతులు ఏడాది తిరుగకముందే 1200కు పైగా చెల్లినవి. ఖర్చులు పోగా ఆమె భాగమునకు 221 పౌనుల లాభము తేలినది. కాని మాన్స్‌ఫీల్డ్ పార్కు రెండవ ముద్రణము కదలలేదు. అంత వెలపెట్టి నవలలు కొనగలిగినవారు తక్కువ. పెక్కుమంది రుసుము చెల్లించి అద్దె గ్రంథాలయములనుండి తెచ్చుకొని చదువుచుండిరి. ఒక్క ప్రతి పదిండ్లు తిరుగుచుండెను. కొనదలచినవారు మొదటి ముద్రణమునే కొని యుండిరి. ఆ ముద్రణముపై 182 పౌనులకు మించిన నష్టము వచ్చినది. రెండు పుస్తకములును ఒకే ఖాతాలోనివి గనుక, మర్రే కార్యాలయమువారు ఆ నష్టమును ఎమ్మా లాభమునుండి తగ్గించిరి. ఎమ్మాపై ఆమె జీవితకాలమున చేతికి వచ్చినది సుమారు 39 పౌనులు మాత్రమే.

మిగిలిన ప్రతుల గతి యేమి? ఎమ్మా ప్రతులు 500కు పైబడియు, మాన్స్‌ఫీల్డ్ పార్కు ప్రతులు దాదాపు 500 ఉండగా, 1820 ప్రాంతమున వానిని రెండు మూడు షిల్లింగుల చొప్పున అయినకాడికి అమ్మివేసిరి. ఆ పిమ్మట పండ్రెండేండ్లు ఇంగ్లండున ఆమె నవల ఒక్కటియు అచ్చులో లేదు. 1832లో రిచర్డ్ బెంట్లీ యను ప్రకాశకుడు హక్కులను కొని, చౌక సంపుటములుగా వెలువరించినపిదప మరల పాఠకుల చేతికి వచ్చినవి. నేడు ప్రపంచమంతట చదువబడుచున్న ఆ నవలల రచన యందు లోపము లేదు. 750 అను సంఖ్యయే తప్పినది. ఆ తప్పిదము ఖరీదు గ్రంథకర్త్రి చెల్లించినది.

సంఖ్యను చెప్పు మాటలు

ప్రతుల సంఖ్య నిర్ణయమైన పిమ్మట దానిని లోకమునకు చెప్పు విధములు పెక్కులు. ముద్రింపబడినవి, అంగళ్లకు పంపబడినవి, అమ్ముడైనవి, చదువబడినవి - ఇవి నాలుగు వేఱువేఱు సంఖ్యలు. ప్రకటనలలో వీనిలో హెచ్చుదానిని చెప్పుట వర్తకుల వాడుక. అంగడికి పంపిన ప్రతి అమ్ముడైన ప్రతి కాదు. కొన్ని నెలలపిమ్మట అది దుమ్ముతో తిరిగి రావచ్చును.

ఈ భేదమునకు ప్రసిద్ధమగు దృష్టాంత మొకటి గలదు. జీవజాతుల యుత్పత్తినిగూర్చి చార్లెస్ డార్విను రచించిన గ్రంథము 1859 నవంబరు 24వ తేదీన వెలువడినది. దానిని వెలువరించినదియు ఆస్టెను గ్రంథములను వెలువరించిన మర్రే సంస్థయే. 1250 ప్రతులును మొదటి దినముననే అమ్ముడైనవని పెక్కు పుస్తకములలో వ్రాయబడినది. నిజమునకు వానిని కోరినవారు పుస్తకవిక్రేతలు. మర్రే జరపిన వార్షిక విక్రయమున వారు ఉన్నవానికంటె హెచ్చు ప్రతులు కోరిరి. పాఠకులు ఒక్కనాడే వచ్చి కొనిపోలేదు. అయినను ఆ విక్రయము గొప్పదే. 1860 జనవరిలో 3000 ప్రతులతో రెండవ కూర్పు వెలువడినది.

ముద్రణము, కూర్పు అను రెండు మాటలకును భేదము గలదు. ఉన్న పుటలను మార్పులేక మరల అచ్చొత్తినచో అది పునర్ముద్రణము. విషయమును సవరించి, చేర్చి, తీసివేసి క్రొత్తగా సిద్ధపఱచినచో అది కూర్పు. డార్విను తన గ్రంథమును 1872 వఱకు అయిదు మాఱులు సవరించెను. అవి నిజమైన కూర్పులు. మన పుస్తకములలో ఈ రెండు మాటలను ఒకదానికి బదులొకటి వాడుట కలదు. "అయిదవ కూర్పు" అని చూచి, క్రొత్త సంగతులుండునని కొన్నవారికి పాతపుటలే లభించుట యిందువలననే. వంటకములకైనను, వైద్యమునకైనను సంబంధించిన పుస్తకమును కొనునప్పుడు ఈ భేదమును తప్పక కనిపెట్టవలెను.

సంఖ్య లేక వరుస మాత్రము చెప్పినచో అదియు కొంత మాయయే. మూడవ ముద్రణ మనినంతనే మూడువేల ప్రతులని తలపరాదు. మూడువందలు మూడు మాఱులు వేయవచ్చును. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ప్రకాశకులు కొందఱు ఒక్కసారి అచ్చైన నవలనే భాగించి, అట్టమీద కూర్పు సంఖ్యను పెంచుచు పోవుచుండిరి. ఆంగ్లపుస్తకములలో నేడు సంఖ్యను చెప్పక, 10 నుండి 1 వఱకు అంకెలను వరుసగా వేయుట వాడుకలో నున్నది. ముద్రణమున కొక అంకె తీసివేయుదురు. మిగిలినవానిలో అతి చిన్న అంకె యేదియో అది యా ముద్రణపు సంఖ్య. 4 కనిష్ఠమైనచో అది నాలుగవ ముద్రణము. ఎన్ని ప్రతులో మాత్రము తెలియదు.

దీనికి విరుద్ధముగా లెక్కను విప్పి చెప్పువారును కలరు. 1923లో గోరఖపురమున స్థాపింపబడిన గీతాప్రెస్సువారి పుస్తకములు తెలుగులోను వెలువడుచు మన యిండ్లలో పెక్కింట గలవు. వాని ముఖపత్రము వెనుక ఇది ఎన్నవ ముద్రణము, ఈమాఱు ఎన్ని ప్రతులు, ఇంతవఱకు మొత్తమెన్ని అని వరుసగా నుండును. పాఠకురాలు ఒక్క చూపులో ఆ పుస్తకపు చరిత్రను గ్రహింపగలదు.

పత్రికల విషయమున ఈ పరీక్ష వేఱొకరు చేయుదురు. ప్రకటనలిచ్చువారు పత్రిక చెప్పిన సంఖ్యను నమ్మి సొమ్ము చెల్లింతురు గదా. అందుచేత అచ్చైన ప్రతులను గాక, వెలయిచ్చి కొనబడిన ప్రతులను లెక్కించు సంస్థ అమెరికాలో 1914లోను, ఇంగ్లండులో 1931లోను, మన దేశమున 1948లోను ఏర్పడినది. పుస్తకములకు అట్టి లెక్కపరీక్షకులు లేరు. ముఖపత్రము వెనుక పుటయే వానికి సాక్షి.

చట్టము వ్రాయించిన లెక్క

ఒకప్పుడు మన దేశమున ప్రతుల సంఖ్య చెప్పుట ఇష్టమునకు విడువబడలేదు. 1867వ సంవత్సరపు 25వ చట్టము ప్రకారము, అచ్చైన ప్రతి పుస్తకమును ప్రభుత్వమునకు సమర్పింపవలెను. దాని పేరు, భాష, గ్రంథకర్త, విషయము, ముద్రణస్థలము, పుటలు, పరిమాణము, ఎన్నవ కూర్పు, వెల, హక్కుదారు - వీనితోపాటు ఆ కూర్పున ఎన్ని ప్రతులు వేసిరో కూడ జాబితాలో చేర్చి, మూడు నెలల కొకమాఱు ప్రకటించుచుండిరి. ప్రజలేమి చదువుచున్నారో కనిపెట్టుటకు పరప్రభుత్వము చేసిన యేర్పాటది. కాని దానివలన ఒక మేలు జరిగినది. పేరు మాత్రమే మిగిలి ప్రతులు నశించిన పుస్తకములు ఎన్ని వేయబడెనో నేటి పరిశోధకులు ఆ జాబితాలనుండి తెలిసికొనుచున్నారు. స్త్రీలు వ్రాసిన చిన్నపుస్తకముల జాడ కూడ అందు దొరకును.

ఆ చట్టమునకు బదులుగా 2023లో చేయబడి 2024 మార్చి 1వ తేదీనుండి అమలైన క్రొత్త చట్టము పత్రికలకే గాని పుస్తకములకు వర్తింపదు. 1954వ సంవత్సరపు చట్టము ప్రకారము మాత్రము ప్రకాశకులు తమ పుస్తకములను కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసులోని కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును పంపవలసియున్నది. ఇందువలన పుస్తకము నశింపక నిలుచును. స్వంతముగా అచ్చువేయించుకొన్న సోదరీమణులును ఈ పని మఱువరాదు. మంచముక్రింది కట్టకు చెదలు పట్టినను, అచ్చటి ప్రతి మిగిలియుండును.

పుస్తకము వేయించు సోదరీమణులకు

వ్రాతప్రతిని అచ్చుకూటమునకు ఇచ్చుటకు ముందు ఇంటిలెక్క వ్రాసినట్లే ఈ లెక్కయు వ్రాయవలెను. పైని మనమూహించిన పుస్తకమునే తీసికొందము. వెల 240 రూపాయలు పెట్టితి మనుకొనుడు. విక్రేతలకు మూడవ వంతు తగ్గింపవలసివచ్చినచో చేతికి వచ్చునది 160. వేయి ప్రతుల ఖర్చు 1,00,000 రూపాయలు గనుక 625 ప్రతులు చెల్లిననే పెట్టుబడి తిరిగి వచ్చును. 500 ప్రతుల ఖర్చు 70,000 గనుక 438 చెల్లిన చాలును. ఇక 400 ప్రతులే చెల్లినవనుకొనుడు. వచ్చినది 64,000. అయిదువందలు వేయించినవారికి నష్టము 6,000. వేయి వేయించినవారికి 36,000. ఒక్కొక్కటి 140కి బదులు 100 రూపాయలకే పడినదను సంతోషమునకు వెల యిది.

ఈ లెక్కలో ఉచితముగా పంచు ప్రతులను మఱువరాదు. విమర్శకై పత్రికలకు, పీఠిక వ్రాసినవారికి, ఆవిష్కరణసభకు వచ్చిన పెద్దలకు, పుట్టింటివారికి, అత్తింటివారికి ఇచ్చుచు పోయిన నూఱు ప్రతులు తెలియకయే కరగిపోవును. వానిని మొదటనే తీసివేసి లెక్కపెట్టవలెను.

ప్రకాశకులతో మాట్లాడునప్పుడు కొన్ని సంగతులు వ్రాతమూలముగా నుండవలెను. 300, 500, 1000 ప్రతులకు వేఱువేఱుగా ఖర్చు ఎంత? సంఖ్యను నిర్ణయించువా రెవరు, సొమ్ము పెట్టువా రెవరు? అమ్ముడుకాని ప్రతు లెవరి యింట నుండును? లెక్కలు ఎన్ని నెలల కొకమాఱు చూపుదురు? ఒక పుస్తకపు నష్టమును మఱియొక దాని లాభమునుండి తగ్గింతురా? ఈ కడపటి ప్రశ్న ఆస్టెను ఖాతా నేర్పినది. సిద్ధపఱచిన పుటల కంప్యూటరు ప్రతి ఎవరికి చెందును అనునదియు అడుగవలెను. అది చేతనున్నచో, రెండవమాఱు వేయించుటకు మొదటి ఖర్చులో పెద్దభాగము తప్పును.

నేడు మఱియొక సౌకర్యము కలిగినది. కోరినప్పుడు కోరినన్ని, కావలసినచో ఒక్క ప్రతియైనను అచ్చువేయు యంత్రములు వచ్చినవి. వానిలో ప్లేట్లు లేవు గనుక సిద్ధపఱచు ఖర్చు స్వల్పము. కాని ప్రతులు పెరిగినంతమాత్రమున ధర తగ్గదు. ఏబదియో నూఱో ప్రతులకు అది మేలు. వేలకు పాతపద్ధతియే మేలు. మొదట నూఱు ప్రతులు వేయించి, అవి చెల్లిన తీరు చూచి, పిమ్మట హెచ్చు వేయించుట వివేకము. అట్లు చేసినప్పుడు ముఖపత్రము వెనుక నూఱని వ్రాయుటకు సిగ్గుపడ నక్కఱలేదు. ఆస్టెను తొలి నవల లాభమునిచ్చినది అది చిన్న ముద్రణ మగుటచేతనే గాని, పెద్దదగుటచేత గాదు.

పాఠకురాండ్రకు ఒక్కమాట. ముఖపత్రము వెనుక "ప్రతులకు" అనుచోట అంగడి పేరుకు బదులు గ్రంథకర్త్రి యింటి చిరునామా యున్నచో, ఆ సంఖ్యను మోయుచున్నది చాలవఱకు ఆమెయే యని గ్రహింపుడు. అట్టి పుస్తకమును ఎరువు తెచ్చుకొని చదువుట, ఉచితప్రతిని అడుగుట మన యిండ్లలో సామాన్యము. వీలైనవారు వెలయిచ్చి కొనుడు. కొనలేనివారు తమ యూరి గ్రంథాలయమువారిని కొనుమని అడుగుడు. మొదటి ముద్రణపు సంఖ్య యెవరో యూహించినది. రెండవ ముద్రణపు సంఖ్యను నిర్ణయించువారు మీరే.